ఏ ఓడదొంగ నవల ముందు చదవాలి?

పోయిన వేసవిలో మా అక్క కూతురు ఫోన్ చేసి, "పిన్నీ, ఆడ ఓడదొంగల మీద మంచి హిస్టారికల్ నవల ఒకటి చెప్పు. లిస్టు పెట్టకు, ఒక్కటే చెప్పు" అంది. ఇంటర్ పరీక్షలు అయిపోయి ఖాళీగా ఉంది. ఒక్కటే చెప్పడం నా వల్ల కాలేదు. తెరచాపల కాలం నాటి ఆడ ఓడదొంగలంటే అందరూ ఒకే తరహా అనుకుంటాం. కానీ కరీబియన్‌లో చేపల పడవలు దోచినామె కథకూ, దక్షిణ చైనా సముద్రంలో వందల ఓడలు నడిపించినామె కథకూ పోలిక దొంగతనం వరకే. మొదటిది కోరుకునేవాళ్ల చేతిలో రెండోది పెడితే యాభై పేజీలకే మూసేస్తారు.

అందుకని పుస్తకాల పేర్లు పక్కన పెట్టి, ముందు ఎవరి కథ కావాలో తేల్చుకోమన్నాను. నాయిక కుదిరితే నవల వెతకడం పెద్ద పని కాదు. ఈ నవలలు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే దొరుకుతాయి కాబట్టి, నాలుగు వందల పేజీలు ఇంగ్లిష్‌లో చదవాలంటే మనకు నచ్చే మనిషి దొరకడం మరీ ముఖ్యం.

నాయికను ఎంచుకోవడానికి నేను చూసేది ఒకటే. ఆమె బతికున్న రోజుల్లో ఆమె గురించి రాసిన కాగితం ఎంత మిగిలింది? కోర్టు వాంగ్మూలం కావచ్చు, అర్జీ కావచ్చు, లొంగుబాటు లెక్క కావచ్చు. ఆ కాగితం ఆగిపోయిన చోట రచయిత మొదలుపెడతారు. ఏ చోట ఆగిందో తెలిస్తే, ఆమె మీద వచ్చే నవలలు ఏ దారిన పోతాయో చదవకముందే చాలావరకు పసిగట్టొచ్చు.

ఆన్ బోనీ, మేరీ రీడ్

ఎక్కువమంది మొదట వినే పేర్లు ఇవే. వీళ్ల కథలో గట్టి ఆధారం ఉన్న భాగం మాత్రం చాలా చిన్నది. 1720 ఆగస్టు 22న బహామాస్‌లోని నాసో రేవు నుంచి విలియం అనే ఓడను జాక్ రాకం ముఠా ఎత్తుకుపోయింది. ఓడ అంటే పెద్దగా ఊహించుకోకండి. పన్నెండు టన్నుల స్లూప్, తెరచాప కొయ్య ఒక్కటే. ఎక్కినవాళ్లు డజనుకు కాస్త అటూఇటూ. అందులో ఇద్దరు ఆడవాళ్లు. అక్టోబర్ చివర్లో జమైకా పడమటి కొసన నెగ్రిల్ దగ్గర జొనాథన్ బార్నెట్ అనే కెప్టెన్ వాళ్లను పట్టుకున్నాడు. నవంబర్ 18న రాకంను ఉరి తీశారు. 28న ఆడవాళ్లిద్దరి విచారణ జరిగింది, మరణశిక్ష పడింది. అప్పుడు ఇద్దరూ కడుపుతో ఉన్నామని చెప్పుకోవడంతో శిక్ష ఆగింది. మేరీ రీడ్‌ను పాతిపెట్టినట్టు 1721 ఏప్రిల్ 28 తేదీతో చర్చి రిజిస్టరులో ఉంది. ఆన్ బోనీ తర్వాత ఏమైందన్నది చరిత్రకారుల మధ్య ఇంకా తేలలేదు.

అంటే వాళ్ల ఓడదొంగతనం రెండు నెలల ముచ్చట. దోచింది బంగారం నింపుకున్న స్పానిష్ ఓడలను కాదు. చేపల పడవలు, చిన్న సరుకు ఓడలు, ఇంకా డోరతీ థామస్ అనే ఆవిడ దోనె. ఆవిడ దోనెలో ఉన్నవి తిండి సామాన్లు. ఈ డోరతీ థామస్ కోర్టులో చెప్పిన సాక్ష్యం నాకు చాలా ఇష్టం. ఇద్దరూ మగవాళ్ల కోట్లు, పొడుగు పంట్లాలు వేసుకున్నారని, తలకు రుమాళ్లు కట్టుకున్నారని, ఒక్కొక్కరి చేతిలో కత్తీ పిస్తోలూ ఉన్నాయని చెప్పింది. ఆడవాళ్లని ఎలా తెలిసిందంటే వాళ్ల రొమ్ములను బట్టి అని మొహమాటం లేకుండా చెప్పింది. తనను చంపేయమని ఆ ఇద్దరే మగవాళ్లను ఎగదోశారని కూడా చెప్పింది. రాకం ఓడలో కొన్నాళ్లు ఉన్న ఇద్దరు ఫ్రెంచి మగవాళ్ల సాక్ష్యం ఇంకో సంగతి చెబుతుంది. ఏదైనా ఓడను తరిమేటప్పుడు మగ బట్టలు, మిగతా వేళల్లో ఆడ బట్టలు వేసుకునేవాళ్లట. పని దుస్తులన్నమాట. పొలం పనికి అన్నయ్య పాత చొక్కా తొడుక్కున్నట్టు.

మరి మేరీ చిన్నప్పటి నుంచి మగపిల్లాడిలా పెరగడం, ఫ్లాండర్స్ యుద్ధంలో సైనికుడిగా చేరడం, తోటి సైనికుణ్ని పెళ్లాడి బ్రెడా దగ్గర పూటకూళ్ల ఇల్లు పెట్టడం, ఓడ మీద మేరీని మగాడనుకుని ఆన్ మనసు పడడం, ఇవన్నీ ఎక్కణ్నుంచి వచ్చాయి? 1724లో లండన్‌లో అచ్చయిన ఓడదొంగల చరిత్ర పుస్తకం నుంచి. రాసింది కెప్టెన్ చార్లెస్ జాన్సన్ అని ఉంటుంది, అది కలం పేరు కావచ్చని చాలామంది అభిప్రాయం. ఉరికి ముందు రాకంతో ఆన్ అన్నట్టు అందరూ చెప్పుకునే మాట, మగాడిలా పోట్లాడి ఉంటే కుక్కలా ఉరి పడే గతి పట్టేది కాదన్న మాట, అదీ ఆ పుస్తకంలోదే. కోర్టు కాగితాల్లో లేదు.

ఇక్కడే నవలకు పరీక్ష పెట్టొచ్చు. బహామాస్ గవర్నర్ వుడ్స్ రోజర్స్ 1720 సెప్టెంబర్ 5న ఒక ప్రకటన చేశాడు. ఓడ ఎత్తుకుపోయిన రెండు వారాలకే. అందులో ఇద్దరు ఆడవాళ్ల పేర్లూ ఉన్నాయి. అంటే ముఠాలో ఆడవాళ్లు ఉన్నారని ఊరందరికీ తెలుసు. కాబట్టి చివరి వంద పేజీల దాకా "ఓడలో ఎవరికీ తెలియని రహస్యం" మీదే టెన్షన్ పెట్టే నవల దొరికితే, ఆ రచయిత కోర్టును వదిలి 1724 పుస్తకాన్ని నమ్మారని అర్థం. అది తప్పని నేను అనను. వేషం విప్పే సీను బాగా రాస్తే ఎవరికైనా ఒళ్లు గగుర్పొడుస్తుంది. అలాంటి నవల చదువుతున్నామని తెలిసి చదవడం వేరు, అదే చరిత్ర అనుకుని చదవడం వేరు.

నన్నడిగితే, ఇద్దరిలో మేరీ వైపు నుంచి చెప్పిన నవల ఎంచుకోండి. ఆన్ మీద రాసేవాళ్లు తరచూ జుట్టు రంగుకూ కోపానికీ పేజీలు ఖర్చు పెడతారు. మేరీ కథలో బువ్వ ఉంది. అత్తగారిచ్చే డబ్బు కోసం తల్లే వేసిన మగ వేషంలో పెరిగిన పిల్ల, అదే వేషంలో జీతం తీసుకుని, మొగుడు పోయాక మళ్లీ అదే వేషంలోకి వెళ్లడం. మన శాసనాల్లో రుద్రమదేవిని రుద్రదేవ మహారాజు అనడం చదివినవాళ్లకు ఈ సంగతి మరీ కొత్తగా అనిపించదు. తేడా ఏంటంటే రుద్రమకు సింహాసనం కోసం మగ పేరు, మేరీకి కూడు కోసం.

ఇవి ఎవరికి బాగుంటాయి? మొదటిసారి సముద్రం నవల పట్టుకునేవాళ్లకు, వేగం కావాలనుకునేవాళ్లకు, ఆడామగా హద్దుల గురించిన కథలు ఇష్టపడేవాళ్లకు. కథ పరిధి చిన్నది, మనుషులు తక్కువ, పేర్లు గుర్తుంటాయి. చరిత్ర కన్నా మనిషి ముఖ్యమనుకుంటే ఇక్కణ్నుంచే మొదలుపెట్టండి.

గ్రాన్యా, అంటే గ్రేస్ ఓమాలీ

ఐర్లాండ్ పడమటి తీరంలో క్లూ బే అనే అఖాతం ఉంది. పదహారో శతాబ్దంలో దాని చుట్టూ ఓమాలీ వంశం పెత్తనం. గ్రాన్యా సుమారు 1530లో పుట్టి 1603 ప్రాంతంలో పోయింది. ఈమెవి తెడ్లూ తెరచాపా రెండూ ఉన్న గ్యాలీలు. కాబట్టి ఫిరంగుల వరసలతో మూడు కొయ్యల ఓడలు కావాలనుకునేవాళ్లు ఇక్కడ నిరాశపడతారు. తీరం వెంబడి వచ్చే సరుకు ఓడలను ఆపి సుంకం వసూలు చేయడం, ఇవ్వకపోతే దోచుకోవడం ఆమె పని. అది ఆమె దృష్టిలో దొంగతనం కాదు, తాతల నాటి హక్కు. ఇంగ్లిష్ వాళ్ల దృష్టిలో దొంగతనమే. ఈ తగాదానే ఆ నవలలకు వెన్నెముక.

ఈమె కాగితాలు శత్రువుల దగ్గర మిగిలాయి. ఐరిష్ వాళ్లు రాసుకున్న వార్షిక వృత్తాంతాల్లో ఈమె ఊసు లేదు. ఇంగ్లండ్ ప్రభుత్వ కాగితాల్లో మాత్రం ఉంది. 1577లో గాల్వేలో తనను కలిసిన ఈ పేరుమోసిన ఆడ నౌకా నాయకురాలి గురించి ఐర్లాండ్‌లో ఇంగ్లండ్ రాణి ప్రతినిధి సర్ హెన్రీ సిడ్నీ రాశాడు. మూడు గ్యాలీలు, రెండు వందల మంది సైనికులను ఇస్తానందట. వెంట మొగుడూ వచ్చాడు గానీ, పెత్తనం ఎవరిదో సిడ్నీకి బాగానే అర్థమైంది.

1584లో కానక్ట్ ప్రాంతానికి గవర్నరుగా వచ్చిన రిచర్డ్ బింగమ్‌తో ఆమెకు పడలేదు. అతని మనుషుల చేతుల్లో ఒక కొడుకు చనిపోయాడు, పశువులు పోయాయి. 1593లో ఇంకో కొడుకు జైల్లో పడ్డాడు. అప్పుడు ఆమె సూటిగా ఎలిజబెత్ రాణికే అర్జీ పెట్టుకుంది. జవాబుగా పద్దెనిమిది ప్రశ్నల పట్టిక వచ్చింది. ఆ జవాబుల్లో తన వృత్తి గురించి ఆమె చెప్పింది ఇంగ్లిష్ కాగితంలో మెయింటెనెన్స్ అనే మాటతో ఉంటుంది, భూమి మీదా సముద్రం మీదా మెయింటెనెన్స్. మనకు ఆ మాట వినగానే అపార్ట్‌మెంట్ గుర్తొస్తుంది. ఆమె ఉద్దేశం బతుకుతెరువు. ఓడదొంగ అన్న ముద్రను అంత తెలివిగా తప్పించుకున్న మాట నేను ఇంకోటి చూడలేదు.

అదే ఏడాది సెప్టెంబర్‌లో గ్రీనిచ్‌లో రాణిని కలిసింది. ఇద్దరూ అరవై దాటినవాళ్లో, దాటబోతున్నవాళ్లో. రాణి బింగమ్‌కు ఆమె తరఫున ఉత్తరం రాసింది, అది మిగిలింది. ఆ గదిలో ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో రాసిన కాగితం మాత్రం లేదు. లాటిన్‌లో మాట్లాడుకున్నారనీ, రాణి ఇచ్చిన రుమాలుతో ముక్కు చీది మంటలో పడేసిందనీ చెప్పేవన్నీ తర్వాతి కథలు. అందుకే గ్రాన్యా నవల కొనేముందు నేను ఈ సీను ఉన్న పేజీలు తిరగేస్తాను. ఇద్దరు ముసలి రాణుల డైలాగుల పోటీలా ఉంటే పెట్టేస్తాను. కొడుకు కోసం వచ్చిన తల్లీ, ఖజానా లెక్క చూసుకునే రాణీ బేరమాడుతున్నట్టు ఉంటే కొంటాను.

జానపదం కూడా ఈమె చుట్టూ బాగా అల్లుకుంది. చిన్నప్పుడు ఓడెక్కుతానంటే, నీ జుట్టు తాళ్లలో చిక్కుకుంటుంది పొమ్మన్నాడట తండ్రి. వెంటనే గుండు చేయించుకుందట. కొడుకును సముద్రం మీదే కన్న మర్నాడు అల్జీర్స్ దొంగలు మీద పడితే, బాలింతగానే తుపాకీ పట్టుకుని పైకొచ్చిందట. రెండో మొగుణ్ని ఏడాది గడువు మీద పెళ్లాడి, గడువు తీరగానే రాక్‌ఫ్లీట్ కోట తలుపులు మూసి విడాకులన్నదట, కోట తనే ఉంచుకుని. ఈ చివరి కథ చెబితే మా అక్క పది నిమిషాలు నవ్వింది.

నడివయసు దాటిన నాయిక కావాలంటే, పిల్లలూ ఆస్తులూ కోర్టులూ అధికారులూ ఉన్న కథ ఇష్టమైతే, ఇదే మీ పుస్తకం. భూమి తగాదాల మధ్య పెరిగిన మన పాఠకులకు ఇది తొందరగా ఎక్కుతుందని నా నమ్మకం. ఇబ్బంది ఒక్కటే. ఐరిష్ పేర్లు పలకడం కష్టం, రెండో మొగుడి బర్క్ వంశంలో ఒకే పేరున్నవాళ్లు బోలెడుమంది. వంశవృక్షం అచ్చేసిన ఎడిషన్ దొరికితే అదే తీసుకోండి.

జెంగ్ యీ సావ్

ముందు పేరు. జెంగ్ యీ ఆమె భర్త. సావ్ అంటే అన్న భార్య. ఇంగ్లిష్ వాళ్లు దీన్ని జెంగ్ యీ భార్య అని సరిపెడతారు. మనకు ఆ తిప్పలు లేవు, వదిన అనే మాట ఉంది. జెంగ్ యీ వదిన. వేలమంది దొంగలు ఆమెను పిలిచిన పిలుపులో భయమూ చనువూ ఎలా కలిశాయో ఈ ఒక్క మాటతో మనకు తెలిసిపోతుంది. ఆమె సొంత పేరు షీ యాంగ్.

1775 ప్రాంతంలో గ్వాంగ్‌డాంగ్‌లో పుట్టింది. 1801లో జెంగ్ యీని పెళ్లాడింది. అప్పట్లో ఈ దొంగలు వియత్నాంలో తైసన్ పాలకుల పక్షాన పోరాడుతూ కడుపు నింపుకునేవాళ్లు. 1802లో ఆ పాలన కూలిపోయింది. వేలమంది ఒక్కసారిగా చైనా తీరానికి తిరిగొచ్చి ఒకర్నొకరు పీక్కుతినడం మొదలుపెట్టారు. 1805లో నాయకులంతా రాతపూర్వకంగా ఒప్పందం చేసుకుని రంగురంగుల జెండాల కింద దండులుగా ఏర్పడ్డారు. అందులో పెద్దది జెంగ్ యీది, ఎర్ర జెండా. 1807 నవంబర్‌లో అతను చనిపోయాడు. అప్పుడు పగ్గాలు వదిన చేతికి వచ్చాయి.

ఎర్ర జెండా దండును నడపడానికి ఆమె ఎంచుకున్నది జాంగ్ బావోను. జాలరి కొడుకు, పదిహేనేళ్లప్పుడు జెంగ్ యీ ఎత్తుకొచ్చి పెంపుడు కొడుకును చేసుకున్నాడు. ఆమె అతన్ని తర్వాత పెళ్లి చేసుకుంది. పెంపుడు కొడుకును! నవలా రచయితలందరూ ఇక్కడ తడబడతారు. కొందరు దీన్ని ప్రేమకథగా పాకం పడతారు, కొందరు లెక్కలేసుకున్న రాజకీయంగా చూపిస్తారు. నాకు రెండోదే నమ్మదగ్గదిగా అనిపిస్తుంది. దండులో పెద్ద తలకాయలు అడ్డం తిరగకుండా, అందరూ ఒప్పుకునే మగాడు ముందు నిలబడాలి, అతను తన మాట దాటకూడదు. ఆ రెండు పనులకూ అతనొక్కడే సరిపోయాడు.

ఈ దండు నియమాల గురించి మీరు వినే ఉంటారు. దోచిన సరుకంతా లెక్కలో రాయాలి. తెచ్చినవాళ్లకు రెండు వంతులు, ఎనిమిది వంతులు ఉమ్మడి ఖజానాకు. ఖజానాలోంచి దొంగిలిస్తే తల తీయడమే. బందీలైన ఆడవాళ్లపై అత్యాచారం చేసినా అంతే. వీటిని ఆమె రాసిందని పడమటి పుస్తకాలు చెబుతాయి. చైనా వృత్తాంతమేమో జాంగ్ బావో పేరున చెబుతుంది. ఎవరు రాసినా అమలు జరిగింది ఆమె కాలంలోనే. నవల కొనేటప్పుడు, నియమాలు ఎందుకు అవసరమయ్యాయో చూపిస్తుందా అని చూడండి. అంతమందికి అన్నం, మందుగుండు, ఓడల మరమ్మతు, దెబ్బతిన్నవాళ్ల పోషణ. ఉప్పు ఓడల దగ్గర, ఊళ్ల దగ్గర రక్షణ రుసుం వసూలు చేసి రసీదులిచ్చే వ్యాపారం. ఇవేవీ లేకుండా కత్తియుద్ధాలే ఉంటే, ఆ నాయిక జెంగ్ యీ సావ్ కాదు, ఆమె పేరు తగిలించుకున్న ఇంకెవరో.

దగ్గర నుంచి చూసిన మనిషి రాత కూడా ఉంది. ఈస్టిండియా కంపెనీ ఓడ మార్క్విస్ ఆఫ్ ఈలీలో పనిచేసే రిచర్డ్ గ్లాస్‌పూల్‌ను 1809 సెప్టెంబర్‌లో పట్టుకున్నారు. డిసెంబర్‌లో విడుదలయ్యాడు. విడిపించడానికి కంపెనీ ఇచ్చిన వాటిలో బట్టల బేళ్లు, రెండు పెట్టెల నల్లమందు, మందుగుండు, ఒక టెలిస్కోపు కూడా ఉన్నాయి. ఓడల్లో ఎలుకలను పెంచి మరీ తినేవాళ్లని, తాము మూడు వారాలపాటు అన్నంలో ఉడికించిన గొంగళిపురుగులు తిని బతికామని రాశాడు. ఓడలోనే కుటుంబాలు, ఇరుకు గదులు, పిల్లలు. ఆ ఇరుకు వాసన లేని నవల నాకు నచ్చదు.

ఇక ముగింపు. ఓడదొంగల కథలన్నీ ఉరికొయ్య దగ్గరో సముద్రం అడుగునో ముగుస్తాయి. ఈమె కథ బేరంతో ముగుస్తుంది. 1810 ఏప్రిల్‌లో ఆయుధం లేకుండా, పదిహేడు మంది ఆడవాళ్లనూ పిల్లలనూ వెంటబెట్టుకుని కాంటన్‌లో గవర్నర్ జనరల్ బాయ్ లింగ్ దగ్గరకు నడిచి వెళ్లింది. రెండు రోజుల తర్వాత లొంగుబాటు. లెక్క ఇది: మనుషులు 17,318, ఓడలు 226, ఫిరంగులు 1,315, ఇతర ఆయుధాలు 2,798. జాంగ్ బావోకు సైన్యంలో ఉద్యోగం ఇచ్చారు, 1822లో పోయాడు. ఆమె జూదశాల నడుపుకుంటూ 1844 దాకా బతికింది.

ఇన్ని అంకెలున్నా ఆమె నోటి మాట అని గట్టిగా చెప్పదగ్గది మిగల్లేదు. అందుకే ఈ నవలల్లో మంచివి చల్లగా ఉంటాయి. ఆమె మనసులో ఏముందో రచయిత తొందరగా చెప్పేయరు. అధికారం, సంస్థ నడపడం, బేరసారాలు ఇష్టమైనవాళ్లకు ఇప్పటిదాకా చెప్పినవాళ్లలో ఈమెను మించినవాళ్లు లేరు. నా ఓటూ ఈమెకే. పడవ మీద ప్రేమకథ కావాలనుకుని మాత్రం దీని జోలికి రాకండి. హింస కూడా ఎక్కువ. పదహారేళ్ల లోపు పిల్లలకు ఇచ్చేముందు మీరు ఒకసారి తిరగేయండి.

మిగతావాళ్ల సంగతి

స్పెయిన్‌లోని ముస్లిం రాజ్యం గ్రనాడా పతనం తర్వాత ఆ దేశం వదిలి మొరాకో చేరిన కుటుంబాల్లో పెరిగిన సయ్యిదా అల్ హుర్రా 1515 నుంచి 1542 దాకా అక్కడి టెటువాన్ నగరాన్ని పాలించింది. పోర్చుగీసు, స్పానిష్ ఓడల మీద దాడులు చేయించింది. సుల్తానును పెళ్లాడటానికి తను ఆయన రాజధాని ఫెజ్ వెళ్లలేదు, ఆయన్నే టెటువాన్ రప్పించుకుంది. పేరు కూడా బిరుదే, స్వతంత్రురాలైన దొరసాని అన్నట్టు. ఈమె మీద మంచి నవల కనిపిస్తే వదలకండి. అయితే ఆమె సముద్రం మీద కత్తి దూసిన మనిషి కాదు, ఒడ్డున కూర్చుని నడిపించిన పాలకురాలు.

రేచెల్ వాల్‌ను 1789లో బోస్టన్‌లో ఉరి తీసింది దారి దోపిడీ నేరానికి. ఓడదొంగతనం కథలు ఆమె చుట్టూ తర్వాత పెరిగాయి. షార్లెట్ డి బెరీ, జాకొట్ డిలహే అనే పేర్లు ఆన్‌లైన్ జాబితాల్లో తరచూ వస్తాయి. ఇద్దరికీ వాళ్ల కాలం నాటి ఆధారం ఒక్కటీ లేదు. వీళ్ల మీద నవల వస్తే చక్కగా కల్పన అనుకుని చదువుకోవచ్చు. చరిత్ర ఆధారంగా అని అట్ట మీద వేస్తే మాత్రం కాస్త అనుమానించండి.

కొనేముందు

మొదట వెనక పేజీలు చూడండి. రచయిత మాట ఉందా? అందులో ఏది రికార్డు, ఏది కల్పించాను అని విడగొట్టి చెప్పారా? ఈ నిజాయితీ ఉన్నవాళ్ల కథ కూడా సాధారణంగా శ్రద్ధగా ఉంటుంది. రచయిత మాట అసలు లేకపోతే శాంపిల్ చదవకుండా డబ్బు పెట్టకండి.

శాంపిల్‌లో నేను చూసేది ఓడ పని. ఎవరో ఒకరు నీళ్లు తోడాలి, తాడు బిగించాలి, చిరిగిన తెరచాప కుట్టాలి. ఇరవై పేజీలు గడిచినా ఎవరి చేతులకూ తాడు గీసుకోకపోతే అది సముద్రం నవల కాదు, ఓడ బొమ్మ ముందు ఫోటో. అలాగని ప్రతి తాడుకూ పేరు పెట్టి చెప్పే నవలలూ ఉన్నాయి, వాటికీ భయపడొద్దు. చుక్కాని, లంగరు, తెరచాప, గాలివాటం ఈ నాలుగూ అర్థమైతే చాలు. మిగతా మాటలకు డిక్షనరీ తీయకుండా ముందుకు పోవచ్చు. రెండు అధ్యాయాలకు అవే అలవాటవుతాయి.

పుర్రె కింద రెండు కత్తులున్న జెండాను అట్ట మీద చూసి మోసపోకండి. అది రాకం జెండా అని అందరూ అంటారు గానీ ఆ కాలంలో ఎవరూ అలా రాయలేదు, ఇరవయ్యో శతాబ్దంలో అంటగట్టినది. రొమ్ములు కనబడేలా వేసిన బొమ్మల సంగతి కూడా అంతే. 1725లో ఆన్, మేరీల కథ డచ్‌లో అచ్చేసినవాళ్లు అలాంటి బొమ్మలు వేసి అమ్ముకున్నారు. మూడు వందల ఏళ్లయినా అట్టలేసేవాళ్లకు ఆ అలవాటు పోలేదు. కళ్లకు గంతలు కట్టి చెక్క మీద నడిపించి సముద్రంలో తోయడం, నిధి మ్యాపులు వరసగా వస్తే అది పిల్లల ఆట పుస్తకం అనుకోండి.

వెతికేటప్పుడు ఒకే పేరుతో ఆగొద్దు. జెంగ్ యీ సావ్‌నే చింగ్ షీ, చెంగ్ ఈ సావ్, షెక్ యూంగ్ అని కూడా రాస్తారు. కొంత స్పెల్లింగ్, ఉచ్చారణ తేడా; షెక్ యూంగ్ మాత్రం ఆమె సొంత పేరు షీ యాంగ్‌కు కాంటొనీస్ రూపం. గ్రేస్ ఓమాలీకి గ్రాన్యా, గ్రాన్యూవేల్ అనే పేర్లున్నాయి. ఒక పేరుతో రెండు పుస్తకాలు దొరికితే ఇంకో పేరుతో ఐదు దొరకొచ్చు. ఇంగ్లిష్ పేజీలు చదవడం అలసటగా ఉంటే ఆడియో పెట్టుకోండి. ఐరిష్ పేర్లను ఐరిష్ గొంతు పలికితే వినడానికే బాగుంటుంది, పలకడం నేర్చుకునే తిప్పా తప్పుతుంది.

మా అక్క కూతురికి మేరీ రీడ్‌తో మొదలుపెట్టమని చెప్పాను. వేగంగా పోతుంది, అలవాటవుతుంది అనుకున్నాను. అది నా మాట వినలేదు. వదిన అన్న మాట విని జెంగ్ యీ సావ్‌నే పట్టుకుంది. వారం తర్వాత రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టింది: "పిన్నీ, ఎనభై శాతం ఖజానాకు పోయినా ఆ దొంగలకు లెక్క చూపించేవాళ్లు. మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు ఈవిణ్ని ప్రెసిడెంట్‌ను చేయాలి." గ్రాన్యా మెయింటెనెన్స్ సంగతి దానికి ఇంకా చెప్పలేదు. తర్వాతి పుస్తకం అదే.